ఒకే మాస్ట్ మీద రెండు మెష్ నోడ్లు ఉంటే వాటిని వైరుతో కలపడం ఎలా

మెష్ అంటే రేడియో పెట్టెలు (నోడ్లు) ఒకదాన్నొకటి కనుక్కుని, ప్యాకెట్లని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ నడిపే నెట్‌వర్క్. ఒకే మాస్ట్ (యాంటెనా స్తంభం) మీద రెండు రేడియోలు బిగించి, రెండింటినీ ఒకే ఛానల్‌లో పెట్టి, మెష్ కదా, వాటంతట అవే కలిసిపోతాయిలే అని వదిలేసిన సెటప్‌లు చాలా చూశాను. కలుస్తాయి, నిజమే. స్టేటస్ పేజీలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి కూడా. కానీ తూర్పు వైపు నుంచి వచ్చిన ప్రతి ప్యాకెట్టూ పడమర వైపు వెళ్లాలంటే మాస్ట్ మీదున్న ఆ రెండడుగుల దూరాన్ని కూడా గాలిలోనే దాటాలి, అది దాటుతున్నంతసేపూ ఆ ఛానల్ వినిపించేంత దూరంలో ఉన్న మిగతా నోడ్లన్నీ తమ వంతు కోసం ఆగాలి. ఒకే ఛానల్‌లో ఒక హాప్ (ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి దూకడం) పెరిగిందంటే వేగం దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే ఈ రేడియోలు ఒకేసారి మాట్లాడుతూ వినలేవు. పక్కపక్కనే ఉన్న రెండు పెట్టెల కోసం అంత ఎయిర్‌టైమ్ ఖర్చు పెట్టడం అనవసరం. మధ్యలో ఒక ఈథర్నెట్ కేబుల్ వేస్తే ఆ భారం మొత్తం దిగిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా హ్యామ్‌లు (లైసెన్సున్న అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లు) ఎక్కువగా వాడే ఏఆర్ఈడీఎన్ ఫర్మ్‌వేర్ (రేడియో లోపల నడిచే సాఫ్ట్‌వేర్) గురించి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ మీద కట్టిన ఫర్మ్‌వేర్ ఇది, యుబిక్విటీ, మైక్రోటిక్, టీపీ-లింక్, జీఎల్-ఐనెట్ కంపెనీల కొన్ని మోడళ్ల మీద నడుస్తుంది. నోడ్లను వైరుతో కలపడాన్ని ఇందులో డివైస్ టు డివైస్ లింక్ అంటారు, పొట్టిగా డీటీడీ. మీ దగ్గర హ్యామ్ లైసెన్సు, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) ఉన్నాయనీ, నోడ్లలో ఫర్మ్‌వేర్ ఎక్కించడం అయిపోయిందనీ అనుకుని మొదలుపెడుతున్నాను.

డీటీడీతో ఇంకో పెద్ద లాభం ఉంది, చాలామంది దీన్ని ఆలస్యంగా గమనిస్తారు. రేడియోలో కలవాలంటే రెండు నోడ్లకూ బ్యాండ్, ఛానల్, ఛానల్ వెడల్పు అన్నీ ఒకటే ఉండాలి. వైరుకి అవేమీ పట్టవు. అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉన్న మెష్‌నీ, 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్న మెష్‌నీ ఒకే నెట్‌వర్క్ చేయాలంటే ఒక్కో బ్యాండ్‌లో ఒక్కో రేడియో పెట్టి రెండింటికీ మధ్య వైరు వేస్తే సరి. కొండ మీద పెట్టే పెద్ద సైట్లు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఒక్కో దిక్కుకి ఒక్కో సెక్టార్ (ఆ దిక్కంతా కవర్ చేసే యాంటెనా), దూరపు లింకుకి ఒక డిష్, ఒక్కోదానికి వేరే ఛానల్, కింద అన్నింటినీ కలిపే స్విచ్.

లోపల జరిగేది ఇదీ

ఇది అర్థమైతే తర్వాత వచ్చే సమస్యల్లో సగం మీరే పరిష్కరించుకుంటారు, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

బయట బిగించే రేడియోలకు సాధారణంగా ఒకటే ఈథర్నెట్ పోర్టు ఉంటుంది. ఆ ఒక్క పోర్టులోంచే మూడు వేర్వేరు నెట్‌వర్కులు వెళ్లాలి: మీ కంప్యూటర్లు ఉండే ల్యాన్, ఇంటర్నెట్ వైపు వెళ్లే వ్యాన్, పక్క నోడ్‌కి వెళ్లే డీటీడీ. వీటిని విడదీయడానికి వాడేది వీల్యాన్ ట్యాగ్, అంటే ప్యాకెట్ ఏ నెట్‌వర్కుదో చెప్పడానికి దానికి తగిలించే అంకె. ఏ ట్యాగూ లేకుండా వచ్చే ట్రాఫిక్‌ని నోడ్ ల్యాన్ అనుకుంటుంది. వీల్యాన్ 1 ట్యాగుతో వస్తే వ్యాన్. వీల్యాన్ 2 ట్యాగుతో వస్తే డీటీడీ. వ్యాన్ నంబరుని కొత్త ఫర్మ్‌వేర్‌లో మార్చుకోవచ్చు, డీటీడీకి మాత్రం 2 అని గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసంలో ఒకే ఒక్క అంకె గుర్తుంచుకోవాలంటే అది ఇదే.

వైరు మీద పక్క నోడ్ కనబడగానే రౌటింగ్ దాన్ని చాలా చవకైన దారిగా లెక్కేస్తుంది. పాత ఫర్మ్‌వేర్‌లో ఓఎల్ఎస్ఆర్ అనే ప్రోటోకాల్ ఉండేది, అందులో మచ్చలేని రేడియో లింకుకి ఖర్చు 1 అయితే డీటీడీకి 0.1 మాత్రమే. కొత్త వెర్షన్లు బేబెల్ అనే ప్రోటోకాల్‌కి మారాయి, అందులో కూడా వైరుకే మొగ్గు. కాబట్టి వైరు వేశాక ట్రాఫిక్‌ని దాని మీదికి మళ్లించడానికి మీరు ఏ సెట్టింగూ పెట్టక్కర్లేదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి, రెండు నోడ్లలోనూ ఒకే ఫర్మ్‌వేర్ వెర్షన్ ఉంచండి. ఓఎల్ఎస్ఆర్ మాత్రమే తెలిసిన పాత నోడ్, బేబెల్ మాత్రమే తెలిసిన కొత్త నోడ్ ఎంత మంచి కేబుల్ వేసినా మాట్లాడుకోవు.

ముందు టేబుల్ మీద

మాస్ట్ ఎక్కే ముందే అంతా టేబుల్ మీద కలిపి నడిపించి చూడండి. కింద పది నిమిషాల్లో తేలే తప్పుకి పైన సగం రోజు పడుతుంది.

కొత్తగా ఫర్మ్‌వేర్ ఎక్కించిన ప్రతి నోడూ 192.168.1.1 అనే అడ్రస్ మీదే లేస్తుంది. కాబట్టి రెండింటినీ ఒకేసారి కలిపి పెట్టొద్దు, ఏది తెరుచుకుంటోందో తెలియదు. ఒక్కొక్కటిగా ల్యాప్‌టాప్‌కి తగిలించి కాన్ఫిగర్ చేయండి. పాస్‌వర్డ్ అడిగితే డీఫాల్ట్ యూజర్ రూట్, పాస్‌వర్డ్ హెచ్ఎస్ఎంఎం, చిన్న అక్షరాల్లో. హై స్పీడ్ మల్టీమీడియా అని హ్యామ్‌లు ఈ పనికి మొదట్లో పెట్టుకున్న పేరు అది, లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్ల మీద ప్రయోగాలు చేసిన రోజుల నుంచి వస్తోంది. వెంటనే మార్చేయండి.

నోడ్ పేరు మీ కాల్‌సైన్‌తోనే మొదలవ్వాలి, గాలిలోకి వెళ్లే గుర్తింపు అదే. దాని తర్వాత ఆ రేడియో ఏ పని చేస్తుందో తెలిసేలా పెట్టండి: తూర్పు సెక్టార్, కొండ డిష్, అలాగ. 1, 2, 3 అని పెడితే ఆరు నెలల తర్వాత ఏది ఎటు చూస్తోందో మీకే గుర్తుండదు. ఛానల్, ఛానల్ వెడల్పు మీ ప్రాంతంలో అవతలి నోడ్లతో సరిపోయేలా పెట్టండి, మీ దేశంలో మీ లైసెన్సు ఏ ఫ్రీక్వెన్సీలకు అనుమతిస్తుందో చూసుకుని. ఒకే మాస్ట్ మీదున్న రెండింటికీ ఒకే ఛానల్ ఇవ్వొద్దు. వేర్వేరు బ్యాండ్లు అయితే ఇంకా మేలు, ఎందుకంటే ఒకే బ్యాండ్‌లో ఛానళ్లు వేరైనా, అడుగు దూరంలో ఒకటి పంపుతుంటే రెండోదాని రిసీవర్ చెవుడు వచ్చినట్టు అయిపోతుంది. తప్పనిసరై ఒకే బ్యాండ్ వాడాల్సి వస్తే ఛానళ్లని వీలైనంత దూరంగా పెట్టి, మాస్ట్ మీద కూడా ఒకటి పైన, ఒకటి బాగా కింద బిగించండి.

సేవ్ చేసి రీబూట్ చేశాక నోడ్‌కి 10తో మొదలయ్యే సొంత అడ్రస్ వస్తుంది, దాని హార్డ్‌వేర్ మ్యాక్ అడ్రస్ నుంచి అదే లెక్కేసుకుంటుంది కాబట్టి మీరు ఇవ్వక్కర్లేదు. ఇకనుంచి బ్రౌజర్లో లోకల్‌నోడ్ డాట్ లోకల్ డాట్ మెష్ అని కొడితే మీరు తగిలించుకున్న నోడ్ తెరుచుకుంటుంది.

వైరు వేయడానికి మూడు పద్ధతులు

మొదటిది అన్నిటికన్నా తేలిక. రెండే రేడియోలు, మధ్యలో ఏ కంప్యూటరూ అక్కర్లేదు, సిగ్నల్ ఇటు నుంచి అటు దాటిస్తే చాలు అనుకుంటే, రెండు పవర్ ఇంజెక్టర్లనీ (ఈథర్నెట్ కేబుల్ మీదే రేడియోకి కరెంటు పంపే చిన్న పెట్టెలు) నేరుగా కలిపేయండి. ఇంజెక్టర్‌కి రెండు పోర్టులుంటాయి. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అని రాసున్నది రేడియోకి వెళ్తుంది. ల్యాన్ లేదా డేటా అని రాసున్నది ఇంకో ఇంజెక్టర్ ల్యాన్ పోర్టుకి వెళ్తుంది. అంతే. నోడ్లు రెండూ వీల్యాన్ 2 మీద ఒకదాన్నొకటి కనుక్కుంటాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ రేడియోల్లో చాలావాటికి వాడేది 24 వోల్టుల పాసివ్ పీఓఈ. అవతల ఏముందో అడగకుండానే 4, 5 పిన్నుల మీద ప్లస్, 7, 8 పిన్నుల మీద మైనస్ ఎప్పుడూ ఉంటాయి. ఆ పీఓఈ పోర్టుని పొరపాటున ల్యాప్‌టాప్‌కో స్విచ్‌కో పెడితే ఆ పోర్టు కాలిపోవచ్చు. స్టాండర్డ్ 48 వోల్టుల పీఓఈ స్విచ్ వేరే జాతి, దాంతో 24 వోల్టుల రేడియోకి పవర్ ఇవ్వాలంటే మధ్యలో కన్వర్టర్ కావాలి. కేబుల్ పెట్టే ప్రతిసారీ పోర్టు మీద రాసింది చదివి పెట్టండి, చీకట్లో తడుముతూ పెట్టొద్దు.

రెండో పద్ధతి, ఇంట్లో మొదటిసారి పెట్టుకునేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది: మైక్రోటిక్ హ్యాప్ ఏసీ లైట్ లాంటి ఐదు పోర్టుల చిన్న రౌటర్‌లో ఇదే ఫర్మ్‌వేర్ ఎక్కించి దాన్ని మధ్యలో పెట్టుకోవడం. ఇందులో వీల్యాన్ల లెక్క అంతా ముందే వేసేసి ఉంటుంది. 1వ పోర్టు ఇంటర్నెట్ వైపు, 2, 3, 4 మీ కంప్యూటర్లకి, 5వది డీటీడీకి. ఆ ఐదో పోర్టులోంచే పాసివ్ పీఓఈ కూడా బయటికి వస్తుంది కాబట్టి పైనున్న ఒక రేడియోకి వేరే ఇంజెక్టర్ కూడా అక్కర్లేకపోవచ్చు, ఆ రేడియో తీసుకునే కరెంటు మీ అడాప్టర్ తట్టుకుంటుందో లేదో మాత్రం చూసుకోండి. ఇంట్లో ఫోన్లు, కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు ఈ రౌటర్ కింద ఉంటాయి, పైన రేడియో ఉంటుంది, రెండూ వేర్వేరు నోడ్లుగా డీటీడీ మీద కలిసి ఉంటాయి. పైన రేడియో మార్చినా కింద ఏదీ కదిలించక్కర్లేదు.

మూడోది మేనేజ్డ్ స్విచ్, అంటే వీల్యాన్ల లాంటి సెట్టింగులు మనం పెట్టుకోగలిగే స్విచ్. రెండు కంటే ఎక్కువ రేడియోలుంటే చివరికి ఇక్కడికే వస్తారు. కాస్త తలనొప్పి పెట్టేదీ ఇదే, కాబట్టి ఇక్కడ ఆగుదాం.

స్విచ్ సెట్టింగ్

మామూలు స్విచ్ ఎందుకు వద్దో మొదట చెప్తాను, ఎందుకంటే నేనూ అదే పెట్టాను. చాలా అన్‌మేనేజ్డ్ స్విచ్‌లు వీల్యాన్ ట్యాగ్ ఉన్న ప్యాకెట్లని ముట్టుకోకుండా అవతలికి పంపేస్తాయి కాబట్టి డీటీడీ లింక్ చక్కగా లేస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. కానీ ట్యాగ్ లేని ల్యాన్ ట్రాఫిక్ కూడా అన్ని నోడ్లదీ కలిసిపోతుంది. ప్రతి నోడ్‌లోనూ ఒక డీహెచ్‌సీపీ సర్వర్ (కంప్యూటర్లకి అడ్రస్‌లు పంచేది) నడుస్తూ ఉంటుంది, ఏది ముందు జవాబిస్తే ల్యాప్‌టాప్ దాని అడ్రస్ తీసుకుంటుంది. ఒకరోజు డిష్ నోడ్ ఛానల్ మారుద్దామని లోకల్‌నోడ్ పేజీ తెరిచాను, పైన ఉన్న పేరు చూడకుండా ఛానల్ మార్చి సేవ్ కొట్టాను. ల్యాప్‌టాప్ అప్పటికే సెక్టార్ నోడ్ అడ్రస్ తీసుకుని ఉంది. సెక్టార్ మీదున్న స్టేషన్లన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి, ఏం జరిగిందో అర్థమయ్యేసరికి గంటన్నర పోయింది. ఆ రోజు నుంచి సేవ్ కొట్టే ముందు పేజీ పైనున్న నోడ్ పేరు గట్టిగా చదవడం అలవాటైంది.

ఐదు పోర్టుల స్విచ్ అనుకుందాం, 802.1క్యూ వీల్యాన్లు పెట్టగలిగేది అయితే చాలు, ఖరీదైనది అక్కర్లేదు. 1వ పోర్టులో తూర్పు రేడియో, 2వ పోర్టులో పడమర రేడియో, 3వ పోర్టులో తూర్పు నోడ్ కింద ఉండే ల్యాప్‌టాప్, 4వ పోర్టులో పడమర నోడ్ కింద ఉండే కెమెరా, 5వ పోర్టులో ఇంటర్నెట్ రౌటర్.

ముందు వీల్యాన్ 2 తయారుచేసి 1, 2 పోర్టుల్ని అందులో ట్యాగ్డ్‌గా (ట్యాగుతో సహా పంపేలా) పెట్టండి. మిగతా పోర్టులు అందులో ఉండకూడదు. డీటీడీ పని ఇంతటితో అయిపోయింది.

తర్వాత ల్యాన్లని విడదీయాలి. వీల్యాన్ 10 అని ఒకటి చేసి అందులో 1, 3 పోర్టుల్ని అన్‌ట్యాగ్డ్‌గా (ట్యాగ్ తీసేసి పంపేలా) పెట్టండి, ఆ రెండు పోర్టుల పీవీఐడీ కూడా 10 చేయండి. వీల్యాన్ 11 చేసి 2, 4 పోర్టుల్ని అలాగే పెట్టి పీవీఐడీ 11 ఇవ్వండి. ఈ 10, 11 అంకెలు స్విచ్ లోపలివే, నోడ్లకి వాటి సంగతి తెలియదు, వాటికి ట్యాగ్ లేకుండానే చేరతాయి. పీవీఐడీ అంటే ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చినదాన్ని ఏ వీల్యాన్‌లో వేయాలో చెప్పే అంకె. వీల్యాన్ పెట్టి పీవీఐడీ మార్చడం మర్చిపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. అప్పుడు బయటికి వెళ్లే ప్యాకెట్లు సరైన చోటికి వెళ్తాయి గానీ లోపలికి వచ్చేవి ఎక్కడికో పోతాయి.

చివరగా వీల్యాన్ 1. 5వ పోర్టు అందులో అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 1. ఇంటర్నెట్ ఏ నోడ్‌కి కావాలో ఆ పోర్టు మాత్రం ట్యాగ్డ్. 3, 4 పోర్టుల్ని, ఇంటర్నెట్ అక్కర్లేని నోడ్ పోర్టునీ వీల్యాన్ 1 లోంచి తీసేయండి. చాలా స్విచ్‌లలో స్విచ్ సెట్టింగుల పేజీ కూడా వీల్యాన్ 1 మీదే ఉంటుంది, కాబట్టి ఈ పనంతా 5వ పోర్టులో ల్యాప్‌టాప్ పెట్టుకుని చేయండి. 3వ పోర్టులో కూర్చుని చేస్తే, ఆఖరి సేవ్‌తో మీరే బయటపడతారు, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఇంటర్నెట్ గురించి ఒక మాట. నోడ్‌కి వ్యాన్ ఇవ్వడం అప్‌డేట్లకి, టైమ్ సరిచేసుకోవడానికి పనికొస్తుంది. దాన్ని మెష్ మొత్తానికి పంచే ఆప్షన్ వేరే ఉంది, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, అలాగే ఉంచండి. చాలా దేశాల్లో అమెచ్యూర్ బ్యాండ్ల మీద సమాచారాన్ని రహస్యంగా మార్చి పంపడం, వ్యాపార ట్రాఫిక్ పంపడం రెండూ నిషేధం. ఇప్పుడున్న వెబ్‌సైట్లలో ఎక్కువ భాగం ఎన్‌క్రిప్షన్‌తోనే వస్తాయి, అవి గాలిలోకి వెళ్లేది మీ కాల్‌సైన్ మీద.

కేబుల్

కలర్ కోడ్ టీ568బీ అయితే రెండు చివరలా అదే: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. 100 ఎంబీపీఎస్ లింకుకి నాలుగు వైర్లే చాలు గానీ మిగతా నాలుగింటి మీదే పవర్ వెళ్తుంది, కాబట్టి ఎనిమిదీ సరిగ్గా క్రింప్ అవ్వాలి. పొడవు 100 మీటర్లు దాటకూడదు. బయట వేసేదానికి ఎండని తట్టుకునే నల్ల తొడుగు, లోపల షీల్డ్ ఉన్న అవుట్‌డోర్ కేబులే వేయండి. ఇంట్లో వాడే కేబుల్ తొడుగు ఎండకి పెళుసెక్కి పగులుతుంది, ఆ పగులులోంచి నీళ్లు దిగి తొడుగు లోపల పైపులో నడిచినట్టు కిందికి వస్తాయి. ఒక వానాకాలం తర్వాత నేను విప్పి చూసిన ప్లగ్గులో రాగి పిన్నులు రెండు పచ్చగా చిలుము పట్టి, వేలితో తాకితే పొడిగా రాలాయి. అవి పవర్ వెళ్లే పిన్నులే. లింక్ పగలు ఉండేది, వాన పడితే పోయేది, నెలరోజులు రేడియోనే అనుమానించాను.

అందుకని రేడియో దగ్గరా, గోడలోకి వచ్చే చోటా కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి మళ్లీ పైకి తీసుకెళ్లండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఇంటిలోకి వచ్చే చోట ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి దాన్ని, మాస్ట్‌ని, ఇంటి ఎర్త్‌ని ఒకే గ్రౌండ్‌కి కలపండి. ఒక్కోదానికి వేరే ఎర్త్ రాడ్ వేసి వదిలేస్తే దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వచ్చే వోల్టేజి తేడా మీ కేబుల్ గుండానే పోతుంది. రెండు వేర్వేరు భవనాల మీదున్న నోడ్లని కలపాలంటే రాగి జోలికి పోకుండా ఫైబర్ వేసి రెండు చివరలా మీడియా కన్వర్టర్లు పెట్టడమే మంచిది, గాజు తీగలో కరెంటు పారదు, 100 మీటర్ల పరిమితి కూడా ఉండదు. కన్వర్టర్లు వీల్యాన్ ట్యాగ్‌ని అలాగే దాటిస్తాయో లేదో కొనే ముందు చూసుకోండి.

కలిసిందో లేదో చూడటం

పవర్ ఇచ్చాక మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఒక నోడ్ మెష్ స్టేటస్ తెరిస్తే రెండో నోడ్ పేరు కనిపించాలి: పాత ఇంటర్‌ఫేస్‌లో పొరుగు నోడ్ల జాబితాలో పేరు పక్కన డీటీడీ అని, కొత్తదాంట్లో లోకల్ నోడ్స్ కింద. అదే పేరు రేడియో పొరుగువారిలో బ్లాక్డ్ అని కనబడితే కంగారు పడొద్దు. లింక్ క్వాలిటీ మేనేజర్ ఆన్‌లో ఉంటే, వైరు మీద కలిసిన నోడ్‌తో మళ్లీ రేడియోలో లింకు పెట్టుకోకుండా అదే ఆపేస్తుంది. మనకి కావాల్సింది కూడా అదే.

తర్వాత తూర్పు వైపున్న ఏదైనా దూరపు నోడ్ నుంచి పడమర వైపున్న నోడ్‌కి ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ నోడ్ల మీదుగా వెళ్తోందో చూపే కమాండ్) కొట్టించండి. మధ్యలో మీ రెండు నోడ్లూ వరుసగా రావాలి, వాటి మధ్య ఆలస్యం ఒక మిల్లీసెకండు లోపే ఉండాలి. అక్కడ ఐదు, పది మిల్లీసెకండ్లు కనిపిస్తూ పెరుగుతూ తగ్గుతూ ఉంటే ట్రాఫిక్ ఇంకా గాలిలోనే వెళ్తోందని అనుమానించండి. వీలైతే ఐపెర్ఫ్‌తో రెండు నోడ్ల మధ్య వేగం కూడా కొలవండి. 100 ఎంబీపీఎస్ పోర్టు అయితే 90 దరిదాపుల్లో రావాలి గానీ చిన్న ప్రాసెసర్లున్న నోడ్లు అంత ఇవ్వలేకపోవచ్చు, దాన్ని తప్పుగా అనుకోవద్దు.

అసలు కనిపించకపోతే వెతకాల్సిన వరుస ఇదీ. ముందు స్విచ్‌లో ఆ పోర్టు లైటు వెలుగుతోందా? లేకపోతే కేబుల్ లేదా పవర్. వెలుగుతుంటే స్విచ్‌ని పక్కకి తీసేసి రెండు ఇంజెక్టర్లనీ నేరుగా కలపండి. అప్పుడు లింక్ లేచిందంటే నోడ్లు బాగానే ఉన్నాయి, తప్పు స్విచ్ సెట్టింగులో ఉంది, ముందుగా వీల్యాన్ 2లో రెండు పోర్టులూ ట్యాగ్డ్ అని ఉన్నాయో అన్‌ట్యాగ్డ్ అని ఉన్నాయో చూడండి. నేరుగా కలిపినా లేవకపోతే ఫర్మ్‌వేర్ వెర్షన్లు పోల్చండి. లింక్ ఉంటూ పోతూ ఉంటే మాత్రం సాఫ్ట్‌వేర్‌లో వెతకొద్దు, ప్లగ్గు విప్పి చూడండి.

అంతా నిలకడగా నడిచాక రెండు నోడ్ల కాన్ఫిగరేషన్, స్విచ్ కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకోండి. ఏ పోర్టులో ఏముందో, ఏ వీల్యాన్ ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి స్విచ్ మూతకి లోపలి వైపు అంటించండి. తుఫాను రాత్రి నెట్‌వర్క్ అవసరం పడినప్పుడు అక్కడికి వెళ్లేది మీరే అయి ఉండక్కర్లేదు, మీ క్లబ్బులో ఇంకెవరైనా కావచ్చు, వాళ్ల చేతిలో టార్చిలైటూ ఆ కాగితమూ తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు.